పిల్లల్ని వెంటేసుకుని ఊరికి: మీ ప్రశ్నలు, మా జవాబులు

దసరా సెలవులకు బెంగళూరు నుంచి ఊళ్ళకు బయల్దేరుతున్నవాళ్ళు రాసిన ఉత్తరాలివి. చంటిపిల్లలున్న ఇళ్ళవే ఎక్కువ. ఒకే సంగతి నలుగురు అడిగినచోట కలిపి ఒక్క జవాబే ఇచ్చాం.

ప్రశ్న: మాకు తొమ్మిది నెలల బాబు, నాలుగేళ్ళ పాప. రాత్రి రైల్లో థర్డ్ ఏసీలో విజయవాడ వెళ్ళాలి. పిల్లలిద్దరికీ టికెట్ అక్కర్లేదు కాబట్టి రెండు బెర్తులు చాలంటారు మావారు. నిజమేనా? బాబు తాగేది డబ్బాపాలు. రైల్లో ఎలా కలపాలి?
– ఒక పాఠకురాలు, మారతహళ్ళి

జవాబు: ఐదేళ్ళు నిండనివాళ్ళకు టికెట్ అక్కర్లేదన్న మాట నిజమే. దాంతోపాటు బెర్తూ ఉండదు. రైలు బెర్తు వెడల్పు సుమారు రెండడుగులే. దాని మీద నాలుగేళ్ళ పిల్ల, పెద్దమనిషి కలిసి పడుకుంటే ఇద్దరిలో ఒకరు కూర్చునే తెల్లారుస్తారు. పాపకు పూర్తి ఛార్జీ కట్టి మూడో బెర్తు తీసుకోండి. డబ్బు పొదుపు చేయడానికి ఇంకా చాలా చోట్లున్నాయి, ఇది మాత్రం కాదు.

ఐదు నిండి పన్నెండు నిండని పిల్లలకు బెర్తు వద్దంటే సగం ఛార్జీ, కావాలంటే పూర్తి ఛార్జీ. 2016 ఏప్రిల్ నుంచి ఇదే పద్ధతి. యశ్వంతపూర్–కాచిగూడ వందే భారత్ లాంటి కుర్చీల బోగీల్లో ఈ సగం లెక్క లేదు, ఐదు నిండితే పూర్తి టికెట్టే. సగం టికెట్టుతో ఉన్న చిక్కొకటి చాలామందికి ఆలస్యంగా తెలుస్తుంది. మీ టికెట్ ఆర్ఏసీలో పడిందనుకోండి, మీకు దక్కేది సగం బెర్తు. పిల్లాణ్ణి కూడా అందులోనే సర్దుకోవాలి.

ఏ బెర్తులంటే: ఎనిమిదేసి బెర్తుల వరసలో 1, 4 కిందివి, 2, 5 మధ్యవి, 3, 6 పైవి, 7, 8 పక్క బెర్తులు. తర్వాత వరసలో 9 నుంచి మళ్ళీ ఇదే క్రమం. మీకు కావలసింది ఒకే వరసలో రెండు కిందివి, వాటి మీద ఒక మధ్యది. పక్క బెర్తులు పొడవు తక్కువ, పైగా నడిచే దారిని ఆనుకుని ఉంటాయి. సంచులు తగిలి పిల్లలు లేస్తూనే ఉంటారు. తలుపుల దగ్గర పడే 1–8, 65–72 నంబర్లలో తలుపు చప్పుడు, మరుగుదొడ్డి వాసన రాత్రంతా తప్పవు. నంబరు ఎంచుకోవడం మన చేతిలో లేదు గానీ, బుక్ చేసేటప్పుడు కనీసం ఒక లోయర్ బెర్తు వస్తేనే బుక్ చేయమనే గడి ఉంటుంది, దానికి టిక్కు పెట్టండి. రిజర్వేషన్ 60 రోజుల ముందు తెరుచుకుంటుంది. మీ అత్తగారో అమ్మగారో కూడా వస్తుంటే ఆవిడకు లోయర్ బెర్తు కోటాలో విడిగా టికెట్ తీయండి. 45 దాటిన ఆడవాళ్ళకు ఆ కోటా వర్తిస్తుంది. అందరినీ ఒకే టికెట్లో కలిపేస్తే ఆ వీలు పోతుంది. వేరే వరసలో వచ్చినా బెర్తు మార్పిడికి కింది బెర్తు చేతిలో ఉన్నవాళ్ళ మాటే చెల్లుతుంది.

పాపను కింది బెర్తు మీద గోడవైపు, తల కిటికీవైపు ఉండేలా పడుకోబెట్టండి. రైల్వేవాళ్ళిచ్చిన కంబళిని పొడవుగా గట్టిగా చుట్టి, బెర్తు బయటి అంచున దుప్పటి కిందికి దోపండి. దుప్పటి కొసలు పరుపు కిందికి మడవండి. నాలుగంగుళాల గట్టు వస్తుంది. దొర్లి వచ్చిన పిల్ల అక్కడ ఆగుతుంది. అయినా కింద నేల మీద మెత్తటి సంచి ఒకటి అడ్డం పెట్టండి.

ఇక పాలు. పొడి పాలడబ్బాలో సూక్ష్మక్రిములు ఉండొచ్చు, అది మూతపెట్టి వచ్చినంత మాత్రాన శుభ్రమైనది కాదు. అందుకే 70 డిగ్రీలకు తగ్గని వేడినీళ్ళలో కలపమంటారు. ఇంటి దగ్గర ఫ్లాస్కులో మరుగుతున్న నీళ్ళు పోసి ఐదు నిమిషాలుంచి పారబోయండి, వేడెక్కిన ఫ్లాస్కులో మళ్ళీ మరిగే నీళ్ళు పోసి బిగించండి. ఒక పెద్ద ఫ్లాస్కు కన్నా అరలీటరువి రెండు మేలు. మూత తీసినప్పుడల్లా వేడి పోతుంది కాబట్టి రెండోదాన్ని అర్ధరాత్రి దాకా ముట్టుకోకండి. పాలపొడిని ఒక్కో పూటకు కొలిచి తడి లేని చిన్న డబ్బాల్లో వేసుకోండి. రైలు ఆలస్యమవుతుందనుకుని రెండు పూటలవి ఎక్కువ పెట్టుకోండి. కలిపిన సీసాను చన్నీళ్ళున్న స్టీలు గ్లాసులో ఉంచి చల్లార్చి, మణికట్టు మీద చుక్క వేసి చూసి పట్టండి. తాగగా మిగిలినవి రెండు గంటలు దాటితే పారబోయడమే.

ఎక్కువమంది చేసే పొరపాటు పాలు ముందే కలిపి, లేదా కాచిన ఆవుపాలు పోసి, ఫ్లాస్కులో పట్టుకెళ్ళడం. చేత్తో తాకితే వెచ్చగా ఉన్నాయి కాబట్టి బాగున్నాయనుకుంటాం. క్రిములకు కావలసింది ఆ గోరువెచ్చదనమే. నాలుగైదు గంటల్లో పాలు విరగకముందే పిల్లాడి కడుపు చెడుతుంది. రైల్లో సీసాలు కడగడం కష్టమనుకుంటే, తొమ్మిది నెలలవాడు ఉగ్గుగిన్నెతోనూ తాగుతాడు. దాన్ని వేడినీళ్ళతో కడిగి తుడవడం నిమిషం పని. తల్లిపాలు తాగే బిడ్డకైతే ఈ తంతేమీ లేదు.

డైపర్లు మూడు గంటలకొకటి లెక్కన, పైన రెండు. వాడినవి చెత్తబుట్టలోనే వేయండి. ఇప్పుడున్నవి బయో టాయిలెట్లు, ఒక్క డైపర్ పడినా పూడుకుపోయి బోగీ అంతా అవస్థ.

ప్రశ్న: రాత్రి స్లీపర్ బస్సులో ఎలక్ట్రానిక్ సిటీ నుంచి కర్నూలు వెళ్తాం. మూడేళ్ళ పాప. హెబ్బాళ దాటేసరికే ఏడుపు మొదలుపెట్టి ఎవరినీ పడుకోనివ్వదు. బస్సులో మరుగుదొడ్డి కూడా ఉండదు.
– ఒక పాఠకుడు, ఎలక్ట్రానిక్ సిటీ

జవాబు: మీ ఉత్తరంలోనే జవాబుంది. మీరెక్కేది బస్సు బయల్దేరే చోట. అక్కణ్ణుంచి సిల్క్‌బోర్డు, మడివాళ, ఇంకా నాలుగు ఎక్కే చోట్లు తిరిగి హెబ్బాళ చేరేసరికి రెండు గంటలు పట్టడం మామూలే. అంతసేపూ దీపాలు వెలుగుతుంటాయి, తలుపు తెరుచుకుంటూ ఉంటుంది, ప్రతి చోటా క్లీనర్ కేకలు. పాప నిద్రపోయే వేళ ఆ రెండు గంటల్లోనే దాటిపోతుంది. ఆ తర్వాత ఏడుపే.

ఎక్కే చోటు మార్చండి. కర్నూలు, అనంతపురం, హైదరాబాదు బస్సులు ఊరు దాటేది హెబ్బాళ, యలహంక మీదుగా. చిత్తూరు, తిరుపతివైపువి కె.ఆర్.పురం, హోస్కోటె మీదుగా. ఆ చివరి చోట్లలో ఎక్కితే బస్సు వెంటనే హైవే ఎక్కి దీపాలార్పేస్తుంది. మీకైతే మరీ సుళువు. 2025 ఆగస్టు నుంచి మీ దగ్గర మెట్రో పసుపు లైను నడుస్తోంది. ఆర్.వి.రోడ్డులో ఆకుపచ్చ లైనుకు మారి మెజెస్టిక్ బస్టాండు చేరవచ్చు. సాయంత్రం ఏడుకు ఇంట్లోనే అన్నం పెట్టి, మెట్రోలో వచ్చి, మెజెస్టిక్ దగ్గరో అక్కణ్ణుంచి క్యాబులో హెబ్బాళ వెళ్ళో బస్సెక్కండి. టికెట్లో ఎక్కే చోటు మార్చడం మరచిపోవద్దు. లేదంటే బస్సు మీకోసం ఆగదు.

బెర్తు కిందిదే తీసుకోండి, బస్సు మధ్యలో. వెనక చక్రాల మీద పడేవి, ఆఖరి వరసవి గతుక్కి గతుక్కి ఎగిరేస్తాయి. పాప అద్దంవైపు, మీరు దారివైపు. పైబెర్తు కడ్డీ మూడేళ్ళ పిల్లను ఆపదు. ఎక్కగానే అత్యవసర కిటికీ ఏది, అద్దం పగలగొట్టే సుత్తి ఎక్కడుంది అన్నది చూసుకోండి. 2025 అక్టోబరులో మీరు వెళ్ళే కర్నూలు దగ్గరే స్లీపర్ బస్సు కాలిపోయిన సంగతి ఎవరూ మరచిపోలేదు.

ఒంటేలుకు భయపడి సాయంత్రం నుంచి నీళ్ళు మాన్పించేవాళ్ళున్నారు. అది వద్దు. ఏసీ గాలికి గొంతెండి పిల్ల ఇంకా చిరచిరలాడుతుంది. డైపర్ మానేసిన పిల్లయినా ఈ ఒక్క రాత్రికి ప్యాంటులా వేసే డైపర్ తొడగండి, కింద రబ్బరు గుడ్డ పరవండి. డ్రైవరుతో ఎక్కేటప్పుడే చెప్పండి: “అన్నా, చంటిపిల్ల ఉంది, ఫస్ట్ ఎక్కడ ఆపుతారు?” ముందడిగితే ఆపుతారు. హైవే మీద అర్ధరాత్రి తలుపు బాదితే విసుక్కుంటారు.

ప్రశ్న: కార్లో తిరుపతి వెళ్ళిన ప్రతిసారీ ఏడేళ్ళ అమ్మాయి పలమనేరు దాటగానే వాంతి చేసుకుంటుంది. ఖాళీ కడుపుతో తీసుకెళ్ళినా అంతే.
– ఒక పాఠకురాలు, వైట్‌ఫీల్డ్

జవాబు: ఖాళీ కడుపుతో తీసుకెళ్ళడం వల్లే ఇంకా ఎక్కువ. ఆకలికి కడుపులో తిప్పడం మొదలై, దాని మీద మలుపులు తోడవుతాయి. పూరీలు, దోసెలు పెట్టి బయల్దేరినా అదే గతి. బయల్దేరడానికి గంటన్నర, రెండు గంటల ముందు ఇడ్లీ రెండు, లేదా నూనె లేని పుల్కా ఒకటి. పాలు వద్దు.

వాంతి ఎందుకొస్తుందంటే, లోపలి చెవి కారు మలుపు తిరుగుతోందని చెబుతుంది, ముందు సీటు వీపునో ఫోనునో చూస్తున్న కళ్ళు ఏమీ కదలడం లేదంటాయి. ఈ రెండు మాటలూ కలవక మెదడు తికమకపడుతుంది. రెండేళ్ళలోపు పిల్లల్లో ఇది అరుదు. ఆరు నుంచి పన్నెండేళ్ళ మధ్య ఎక్కువ. వయసుతో తగ్గుతుంది.

మీ దారిలో కోలారు, ముళబాగిలు మీదుగా పలమనేరు దాకా రోడ్డు బాగా సాగుతుంది. అసలు చిక్కు ఆ తర్వాత వచ్చే మొగిలి ఘాట్‌ది. కాబట్టి పలమనేరు దగ్గర పదిహేను నిమిషాలు ఆగి అమ్మాయిని నడిపించండి. రెండు గుక్కల నీళ్ళు. అక్కణ్ణుంచి ఫోను, బొమ్మల పుస్తకం బంద్. వెనక సీటు మధ్యలో భుజం మీదుగా వచ్చే బెల్టు ఉంటే అక్కడ కూర్చోబెట్టి ముందు అద్దంలోంచి దూరపు రోడ్డును చూడమనండి. నడుము బెల్టు మాత్రమే ఉన్న కార్లో మధ్య సీటు వద్దు. పక్క సీట్లోనే కూర్చుని, ముందు సీట్ల సందులోంచి చూసినా చాలు. అద్దం రెండు వేళ్ళు దించండి. కార్లో వేలాడదీసిన సెంటు సీసా ఇంట్లోనే దించి రండి, సగం వికారం దానిదే. నడిపేవారు మలుపుకు ముందే వేగం తగ్గించాలి, మలుపులో బ్రేకు కొట్టకూడదు. తెల్లవారుజామున నాలుగుకు బయల్దేరి నిద్రలోనే ఘాట్ దాటించడం ఇంకో మార్గం. కళ్ళు మూసుకుంటే తికమకకు తావుండదు.

వాంతి ఉన్నట్టుండి రాదు. మాటలాపేస్తుంది, ఆవలిస్తుంది, మొహం పాలిపోతుంది, ఉమ్మి మింగుతుంటుంది. అది చూసిన వెంటనే పక్కకు తీసి ఆపండి. పల్చటి క్యారీబ్యాగు మలుపులో చేతిలో నిలవదు. మూత ఉన్న లీటరు ఐస్‌క్రీం డబ్బా అడుగున కాగితం ముక్కలు వేసి ఒళ్ళో పెట్టండి. పనయ్యాక మూత బిగిస్తే వాసన రాదు, రెండో పిల్లకు అంటదు. మార్చే గౌను సూట్‌కేసు అడుగున కాదు, చేతిసంచిలో ఉండాలి.

నిమ్మకాయ వాసన చూపించడం వల్ల నష్టం లేదు. మాత్రలు, సిరప్ మాత్రం మీ పిల్లల డాక్టరు బరువు చూసి రాసిస్తేనే. ఇస్తే ప్రయాణానికి అరగంట, గంట ముందు ఇవ్వాలి, వాంతి మొదలయ్యాక పనిచేయదు. తిరుపతిలో దిగిన వెంటనే కొండెక్కించకండి. గంటసేపు కుదురుకోనివ్వండి.

ప్రశ్న: రైల్లో నిద్రపోతాడని మా అత్తయ్య ఏడాదిన్నర బాబుకి జలుబు సిరప్ ఒక మూత పట్టమంటున్నారు. పట్టొచ్చా?
– ఒక పాఠకురాలు, కె.ఆర్.పురం

జవాబు: పట్టకూడదు. క్లోర్‌ఫెనిరమైన్, ఫినైలెఫ్రిన్ కలిసిన జలుబు మందులు నాలుగేళ్ళలోపు పిల్లలకు వాడవద్దని లేబుల్ మీద వేయాలని కేంద్ర ఔషధ నియంత్రణ సంస్థ 2023 డిసెంబరులోనే చెప్పింది. నిద్రకు, వాంతికి పట్టే ప్రోమెథజైన్ రెండేళ్ళలోపువాళ్ళకు అసలు ఇవ్వకూడదు, ఊపిరి మందగించే ప్రమాదముంది. కొంతమంది పిల్లలు ఈ మందులకు పడుకోరు సరికదా, రాత్రంతా గంతులేస్తారు. అత్తయ్యగారికి డాక్టరు చేతే చెప్పించండి, ఇంట్లో మాటా మాటా ఉండదు.

ప్రశ్న: ఏడాది పాపకు కారు సీటు దండగ అంటారు మావారు. ముందు సీట్లో నా ఒళ్ళో కూర్చోబెట్టుకుని బెల్టు ఇద్దరికీ కలిపి పెట్టుకుంటున్నా.
– ఒక పాఠకురాలు, హొరమావు

జవాబు: బెల్టు ఇద్దరికీ కలిపి పెట్టడం ఏమీ పెట్టకపోవడం కన్నా ప్రమాదం. గుద్దుకున్నప్పుడు మీ బరువంతా పాపను బెల్టుకేసి నొక్కుతుంది. చేతులతో పట్టుకుంటానంటే, 50 కిలోమీటర్ల వేగంలో గుద్దితే పదికిలోల పిల్ల రెండు మూడు వందల కిలోల బరువున్నట్టు ముందుకు దూకుతుంది. ఎవరి చేతులూ ఆగవు. ముందు సీట్లో గాలిసంచి (ఎయిర్‌బ్యాగ్) తెరుచుకుంటే అది నేరుగా పాప తల మీదే.

పద్నాలుగేళ్ళలోపు పిల్లలకు బెల్టో పిల్లల సీటో లేకపోతే మోటారు వాహనాల చట్టం 194బి సెక్షన్ కింద వెయ్యి రూపాయల జరిమానా. మీవారికి అది చూపించండి.

సీటు వెనక సీట్లో, పాప మొహం వెనక్కి ఉండేలా బిగించాలి. యూరప్ కొత్త ప్రమాణం ప్రకారం కనీసం పదిహేను నెలల దాకా అలాగే. ఈ వయసులో తల బరువు, మెడ లేత. వెనక్కి తిరిగి ఉంటే దెబ్బను వీపంతా పంచుకుంటుంది. బిగించాక బెల్టు దూరిన చోట పట్టుకుని గట్టిగా ఊపండి, అంగుళం కన్నా ఎక్కువ కదిలితే మళ్ళీ బిగించండి. భుజం పట్టీని రెండు వేళ్ళతో గిల్లితే మడత పడకూడదు. స్వెట్టరు మీద పట్టీ వేయకండి, లోపల వదులైపోతుంది. స్వెట్టరు విప్పి, పట్టీ వేసి, పైన దుప్పటి కప్పండి. రెండు గంటలకోసారి ఆపి పాపను సీట్లోంచి తీసి ఆడించండి. హైదరాబాదు దాకా 570 కిలోమీటర్లంటే, ఆగిన సమయం కలుపుకుని పన్నెండు గంటలు వేసుకోండి.

ప్రశ్న: పగలంతా ప్రయాణం. మధ్యాహ్నానికి పాడవనివి ఏం కట్టుకెళ్ళాలి?
– ఒక పాఠకురాలు, బనశంకరి

జవాబు: పిల్లలకు దద్దోజనం, పెద్దలకు పులిహోర. దద్దోజనం పులిసిందని ఫిర్యాదు చేసేవాళ్ళు పెరుగుతో కలిపినవాళ్ళే. గ్లాసు బియ్యం మెత్తగా వండి, వేడి మీదే మెదిపి, కాచిన పాలు గ్లాసున్నర పోసి గోరువెచ్చన కానివ్వండి. అప్పుడు తియ్యటి పెరుగు రెండు చెంచాలు కలిపి, ఉప్పు వేసి డబ్బాలో పెట్టండి. దారిలో అదే తోడుకుని నాలుగైదు గంటలకు తినే వేళకు సరిగ్గా పెరుగన్నమవుతుంది. ఎండాకాలం అయితే పెరుగు ఒక్క చెంచా చాలు. ఉల్లిపాయ, కొబ్బరి వేయకండి, ముందు పాడయ్యేవి అవే. పులిహోర చింతపండు పులుసు నూనెలో బాగా ఉడికి చిక్కబడితే రాత్రి దాకా ఉంటుంది. అన్నం పూర్తిగా ఆరాకే మూత పెట్టాలి, ఆవిరి పట్టిందే చెడుతుంది.

నాలుగేళ్ళలోపు పిల్లల చేతికి వేరుశనగలు, బఠాణీలు, గట్టి చెగోడీలు, గుండ్రటి ద్రాక్ష ఇవ్వకండి. కదిలే బండిలో గొంతుకు అడ్డం పడితే వెనక కూర్చున్న పిల్ల గురించి ముందున్నవారికి తెలియదు కూడా. ద్రాక్ష అయితే నిలువుగా నాలుగు ముక్కలు.

ప్రశ్న: విశాఖకు విమానంలో వెళ్తే ఏడు నెలల బాబుకి చెవులు నొప్పెడతాయా?
– ఒక పాఠకురాలు, యలహంక

జవాబు: ఎక్కేటప్పటి కన్నా దిగేటప్పుడే నొప్పి. దిగడానికి అరగంట ముందు నుంచే విమానం కిందికి వస్తుంది. అప్పుడు నిద్రలో ఉంటే లేపి పాలు పట్టండి, మింగితే చెవి తెరుచుకుంటుంది. జలుబో చెవి నొప్పో ఉంటే ముందు డాక్టరుకు చూపించండి.

ప్రశ్న: దారిలో విరేచనాలు మొదలైతే?
– ఒక పాఠకుడు, జయనగర్

జవాబు: ఓఆర్ఎస్ పొట్లాలు బయల్దేరేటప్పుడే కొనండి. పెద్ద పొట్లం లీటరు నీటికి, చిన్నది 200 మిల్లీలీటర్లకు. పొట్లం మీద చూసి, మొత్తం ఒకేసారి కలపాలి. సగం పొట్లం, ఒక గ్లాసు అని ఉరామరిగా కలిపితే ఉప్పు ఎక్కువై హాని. కలిపినది 24 గంటల్లో వాడాలి. వాంతి అయితే పది నిమిషాలాగి, రెండు మూడు నిమిషాలకో చెంచా చొప్పున పట్టండి. గ్లాసెత్తి తాగిస్తే మళ్ళీ వాంతే. స్టేషన్లలో అమ్మే తియ్యటి డబ్బా పానీయాలు దీనికి బదులు కావు, చక్కెర ఎక్కువై విరేచనాలు పెరుగుతాయి. తల్లిపాలు, మామూలు తిండి ఆపొద్దు.

ఆరు గంటలుగా ఒంటికి పోయకపోయినా, కళ్ళు లోతుకు పోయినా, మగతగా పడి ఉన్నా, విరేచనంలో రక్తం కనిపించినా ఊరు చేరేదాకా ఆగకండి. రైల్లో అయితే రైల్వే సహాయ నంబరు 139కి ఫోన్ చేసి వచ్చే పెద్ద స్టేషనుకు డాక్టరును పంపమనండి, కోచ్ నంబరు, బెర్తు నంబరు, పిల్లాడి వయసు ఫోనెత్తగానే చెప్పండి. హైవే మీద అయితే హైవే సహాయ నంబరు 1033 లేదా అంబులెన్సు నంబరు 108, దగ్గరలోని కిలోమీటరు రాయి మీది అంకె చదివి చెప్పాలి.